ముందు నెత్తి చూడాలి

మా బాబాయి మనుషుల మొహాలు చూడడు, నెత్తులు చూస్తాడు. ఎదురుగా నిలబడి పలకరిస్తే "ఎవరూ?" అంటాడు. అదే చెప్పు సరిచేసుకోవడానికి కాస్త వంగామా, "ఓహో, నువ్వటే! నీ సుడి ఎడమ పక్కకి జరిగి ఉంటుంది కదూ!" అని పొంగిపోతాడు. ఎవరు ఎవరో తెలియని ఇబ్బంది ఎందుకని ఆడపిల్ల ఎవరు కనిపించినా "అమ్మడూ" అనేస్తాడు.

ఈ పాపమంతా ఈగలది. మ్యూజియంలో కీటకాల గదిలో కూర్చుని ఈగల పేర్లు తేల్చడం ఆయన ఉద్యోగం. అందులోనూ గడ్డి ఈగంటే ప్రాణం. నూకగింజంత ఉంటుంది. పసుప్పచ్చని ఒళ్ళు, వీపు మీద నల్ల చారలు. మనలాంటివాళ్ళం దుమ్మనుకుని ఊదేస్తాం. బాబాయి దాన్ని మైక్రోస్కోపు కింద పడుకోబెట్టి, రెండు కళ్ళ మధ్య నెత్తి మీద నున్నగా మెరిసే త్రికోణం కోసం వెతుకుతాడు. నెత్తి నిండా అంత త్రికోణం ఉంటే గడ్డి ఈగల కుటుంబం, లేకపోతే వేరే ఇంటి పిల్ల. ఏళ్ళ తరబడి అలా పైనుంచి చూసీ చూసీ, మనుషుల్ని కూడా అటునుంచే చూడడం అలవాటైపోయింది.

పిన్ని వీధి చివర ఉండగానే మేడ మీదనుంచి గుర్తుపట్టేస్తాడు. అదే వీధిలో ఎదురుపడితే మర్యాదగా పక్కకి తప్పుకుని దారిస్తాడు. ఓసారి బస్సులో నిలబడి, ముందు సీట్లో కూర్చున్నావిడ నెత్తి చూసి "తాళం వేశావా?" అని అడిగాడు. ఆవిడ తెల్లబోయి తలెత్తింది. వెనక సీట్లోంచి పిన్ని "వేశాను లెండి, ఆవిణ్ణి వదిలేయండి!" అని కేక పెట్టింది.

"మీ బాబాయితో మాట్లాడాలంటే ముందు ఏదో ఒకటి కింద పడేసుకోవాలే" అంటూంటుంది పిన్ని నాతో. అందుకే ఆవిడ చేతిలో ఎప్పుడూ ఓ రుమాలు ఉంటుంది.

నేను అదే మ్యూజియంలో టికెట్లమ్మేదాన్ని. ఏ సంగతి అడిగినా బాబాయి జవాబు ఒకటే: ముందు నెత్తి చూడాలి. కొత్త మేనేజరు వచ్చిన వారానికి అడిగాను.

"బాబాయ్, కొత్తాయన ఎలాంటివాడంటావ్?"

"ఏం చెప్పను అమ్మడూ, ఇంకా నెత్తే చూడలేదు. మరీ పొడుగు."

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున క్యాంటీన్‌లో గోల. కిటికీల నిండా, పైకప్పు నిండా సన్నటి ఈగలు గుంపులు గుంపులుగా పట్టేశాయి. క్యాంటీన్ నడిపే ఆవిణ్ణి అందరం అక్కా అనే పిలుస్తాం. మేనేజరు ఆవిడ మీద విరుచుకుపడుతున్నాడు.

"ఇదేనా శుభ్రత? ఇన్ని ఈగలెలా వస్తాయి?"

"రోజూ ఫినాయిలేసి కడుగుతున్నానండీ. ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలీదండీ."

"నాకేం చెప్పొద్దు. సాయంత్రానికి తాళాలిచ్చేసి వెళ్ళిపో."

అంతవరకూ లొట్టలేసుకుంటూ తిన్నవాళ్ళే పళ్ళాలు పక్కన పెట్టేశారు. "మొన్న నాకు కడుపులో తిప్పింది, ఇందుకే అన్నమాట" అన్నాడు గేటు దగ్గర గార్డు. "నాకు అనుమానంగానే ఉంది" అన్నాడు లెక్కల గుమాస్తా. అక్క కూరలు తరిగే పొట్టి బల్ల వెనక పీట మీద కూలబడిపోయింది.

సరిగ్గా అప్పుడే టీ కోసం బాబాయి వచ్చాడు. గుమ్మంలోనే ఆగి కిటికీల వంక చూశాడు, అక్క వంక చూశాడు. "ముందు నెత్తి చూడాలి" అని వెనక్కి తిరిగాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అక్క ఉద్యోగం పోతోంది బాబాయ్! నీ నెత్తుల గోల తర్వాత!" అని అరిచాను. వినిపించుకుంటేగా!

కాసేపటికి మైక్రోస్కోపుని చంటిపిల్లలా చంకనెత్తుకుని వచ్చాడు. ఎత్తు బల్లలన్నీ ఖాళీగానే ఉన్నాయి. వాటిని కాదని, ఉల్లిపాయలు పక్కకి నెట్టి, అక్క ముందున్న పొట్టి బల్ల మీద పెట్టి, కిటికీ మీది ఈగనొకదాన్ని పట్టి దాని కింద పడుకోబెట్టాడు. అక్క లేవబోయింది.

"నువ్వు కదలకు తల్లీ, బల్ల ఊగుతుంది" అని, మేనేజర్ని పిలిచాడు. "రండి, చూడండి."

అంత పొడుగు మనిషీ నడుం దాకా వంగాడు.

"ఏం కనిపిస్తోందండీ?"

"నెత్తి మీద ఏదో మెరుస్తోంది. త్రికోణంలా."

"అదీ! గడ్డి ఈగ. బయట మన పచ్చికలోనే పుడుతుంది. గడ్డి వేళ్ళకి పట్టిన పేనుబంక పురుగుల్ని తిని పెరుగుతుంది. చలి తగలగానే వెచ్చగా కిటికీ సందుల్లో దూరుతుంది. దానికి మన చెత్తా అక్కర్లేదు, మన కూరా అక్కర్లేదు. ఇంకాస్త వంగండి, వీపు మీద చారలు కూడా చూడాలి."

మేనేజరు ఇంకాస్త వంగాడు. బాబాయి మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"అరె, మీకూ ఉందండీ త్రికోణం! ఎంత నున్నగా ఉందో!"

క్యాంటీన్ గొల్లుమంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అక్క కూడా నవ్వింది. తర్వాత గార్డు వంగాడు, గుమాస్తా వంగాడు, వరసగా అందరూ వంగారు. మేనేజరు బట్టతల తడుముకుంటూ, "కిటికీలకి సన్న జాలీ కొట్టిద్దాం" అన్నాడు. అక్క వైపు తిరిగి, "అక్కా, టీ ఉందా?" అన్నాడు. అక్క లేచి పొయ్యి వెలిగించింది.

సాయంత్రం మైక్రోస్కోపు మెట్లెక్కించడానికి నేను సాయం పట్టాను.

"బాబాయ్, నిజం చెప్పు. గుమ్మంలోనే నీకు తెలిసిపోయింది కదూ?"

"తెలియకేం? ఈ చలికి కిటికీల నిండా అలా గుంపుగా పట్టేవి ఇంకేముంటాయి!"

"మరి నోటితో చెప్పేస్తే పోయేదిగా? ఇంత బరువు మోసుకొచ్చి, పోయి పోయి ఆ పొట్టి బల్ల మీదే పెట్టాలా?"

బాబాయి మెట్టు మీద ఆగి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఆవిడకి క్షమాపణ చెప్పమంటే ఒక్కడూ తల వంచడు. ఈగని చూడమంటే అందరూ వంచారు. ఆవిడ ముందే."

ఈ పిచ్చి మనిషి మా బాబాయి అయినందుకు గర్వంగా అనిపించింది. కళ్ళు తుడుచుకునే కంగారులో రుమాలు జారి కింద పడింది. తీసుకుందామని వంగాను.

"ఓహో, నువ్వటే!" అన్నాడు బాబాయి సంబరంగా. "ఇందాకట్నుంచీ ఎవరా అనుకుంటున్నాను."