భైంసా విఠల్‌కు కొలేషన్

1958 వానాకాలంలో నన్ను కరీంనగర్ తార్ ఆఫీసులో టెలిగ్రాఫిస్టుగా వేశారు. శిక్షణ ముగించుకుని వచ్చిన కొత్త. వేళ్ళలో వేగం ఉండేది, నోట్లో అంతకన్నా ఎక్కువ ఉండేది. నా పైన సీనియర్ గఫూర్ సాబ్. పోలీసు యాక్షన్‌కు ముందు నుంచీ కీ కొడుతున్న మనిషి. తీగ మీద వచ్చే టకటకలు గట్టిగా వినపడాలని, వాటిని మోగించే సౌండర్ వెనక ఖాళీ సిగరెట్ డబ్బా ఇరికించుకునేవారు. ఆ డబ్బాను ఎవరైనా కదిపితే ఆ పూట ఆయనతో మాట్లాడే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

భైంసా, నిర్మల్, మేము ఒకే తీగ మీద ఉండేవాళ్ళం. ఒకరు కీ నొక్కితే మూడు చోట్లా మోగేది. చిన్న ఊళ్ళలో తార్ పనికి వేరే మనిషిని ఇవ్వరు. పోస్టాఫీసు గుమాస్తాకే మోర్స్ నేర్పి పోస్టల్ సిగ్నలర్ అని పేరు పెడతారు. భైంసాలో ఆ పని విఠల్‌ది. ఆయన ముఖం చూడలేదు గాని చెయ్యి బాగా తెలుసు. మా వృత్తిలో చెయ్యి అంటే కీ కొట్టే తీరు. విఠల్‌ది నింపాది చెయ్యి. రాసుకునేవాడు ఊపిరి తీసుకోవాలని మాటకూ మాటకూ మధ్య కాస్త ఆగేవాడు. ఆ మర్యాదకే ఆయనంటే నాకు ఇష్టం కలిగింది.

పని లేనప్పుడు తీగ మీద ముచ్చట్లు నడిచేవి. అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు తెలుగువి. నిబంధనల ప్రకారం అది తప్పే. అయితే పొద్దంతా ఊళ్ళోవాళ్ళ చావులూ రోగాలూ చేతుల మీదుగా పంపి, ఇంటికి పోయి పెళ్ళాంతో కూడా అనకూడదని మేము ప్రమాణం చేసి ఉన్నాము. ఆ బరువు ఇంకో సిగ్నలర్‌కు తప్ప ఎవరికి తెలుస్తుంది? ఆ ముచ్చట్లే లేకుంటే మాలో సగం మందిమి ఎప్పుడో పారిపోయేవాళ్ళం.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. మంథనికి పోవలసిన రెండు తార్లు విఠల్ మాకు అందిస్తున్నాడు. ఒకటి, అబ్బాయి భైంసాకు క్షేమంగా చేరాడని. రెండోది, పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసే మనిషి చనిపోయాడు, అన్న వెంటనే రావాలని. మొదటిదాని చిరునామా పంపగానే లైను తెగింది. లైను కలిశాక విఠల్ ఆగిన చోటు నుంచే అందుకున్నాడు, కాని చేతిలోకి వచ్చిన ఫారం రెండోది. తర్వాత రెండో చిరునామా పంపి, దాని కింద మిగిలిన ఫారంలోని మాటలు కొట్టాడు. చావు కబురు మొదటి ఇంటికి పోయింది, క్షేమం కబురు రెండో ఇంటికి పోయింది. బతికున్నవాడి ఇంట్లో ఏడుపులు లేచాయి. పోయినవాడి అన్న నిశ్చింతగా కూర్చున్నాడు. తప్పు తెలిసి మళ్ళీ తార్ వెళ్ళి, అతను బయలుదేరి భైంసా చేరేసరికి దహనం అయిపోయింది.

శాఖ ఒక హెచ్చరిక ఇచ్చి ఊరుకుంది. విఠల్ మాత్రం తనను తాను వదలలేదు. ఆ తర్వాత ఏ తార్ పంపినా వెంటనే "సరిగ్గ పోయిందా?" అని అడిగేవాడు. పోయిందంటే మళ్ళీ అడిగేవాడు. లైను మీద తార్లు పేరుకుపోయేవి. ఆ నింపాది చెయ్యి వణకడం డబ్బాలోంచి స్పష్టంగా వినపడేది. చావు తార్లయితే తను ముట్టేవాడే కాదు, పోస్టుమాస్టరు చేత కొట్టించేవాడు.

"ఐతారం నాడు భైంసా బస్సెక్కు సత్తయ్యా. తీగ మీద మనిషి అబద్ధం చెప్తడు, మొకం చెప్పలేదు," అన్నారు గఫూర్ సాబ్ నాతో.

నేను వెళ్ళాను. విఠల్ నాకన్నా పదేళ్ళు పెద్ద, సన్నగా ఉన్నాడు. ఇంటామె జొన్నరొట్టె పెట్టి, "నువ్వన్న జెర చెప్పు మరిదీ. తిండి లేదు, నిద్ర లేదు," అంది. విఠల్ రొట్టె తుంచి అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు.

"చేతుల తప్పుంటె దిద్దుకుందును తమ్మీ. మతిలనే ఉన్నట్టున్నది. మళ్ళెవలింట్ల ఏడుపు వెడుతనో! ఒకటో తారీఖు నాడు రాజీనామా ఇచ్చి మా మామ పత్తి దుకాండ్ల కూసుంట," అన్నాడు.

"గట్లేం కాదన్నా, ఫికర్ చెయ్యకు," అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది.

తిరిగి వచ్చి అంతా చెప్పాను. గఫూర్ సాబ్ డబ్బా తుడిచి సౌండర్ వెనక మళ్ళీ ఇరికించారు. "ఆయన అడిగినంక చెప్పుడు కాదు. అడుగకముందే వినిపియ్యాలె. రేపటి సంది భైంసా తార్లన్నిటికి పూర్తి కొలేషన్," అన్నారు.

కొలేషన్ అంటే అందుకున్నవాడు పంపినవాడికి తిరిగి వినిపించడం. మామూలుగా అంకెలకూ అనుమానం ఉన్న మాటలకూ మాత్రమే చేస్తాము. గఫూర్ సాబ్ చెప్పింది చిరునామా నుంచి సంతకం దాకా. పని రెట్టింపు. నేను లోపల సణుక్కున్నాను, అయినా చేశాను. నిర్మల్ సిగ్నలర్‌కు ఎవరూ ఏమీ చెప్పలేదు. తీగ మీద విని, తనంతట తనే మొదలుపెట్టాడు.

విఠల్ మొదట ఉలిక్కిపడ్డాడు. "ఎందుకు చదువుతున్నరు?" అని కొట్టాడు. "వానకాలం లైను, మాకే నమ్మకం లేదు," అని గఫూర్ సాబ్ జవాబు కొట్టారు. తనిఖీకి వచ్చిన దొర, ఈ లైను ఎందుకింత ఆలస్యమని అడిగితే అదే జవాబు చెప్పారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. దొర కిటికీ వంక చూసి, ఏమనుకున్నాడో, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

ఒకటో తారీఖు వచ్చింది, పోయింది. రాజీనామా రాలేదు. విఠల్ తను పంపిన మాటల్ని మా చేతుల్లోంచి వింటూ, అడగడం తగ్గించాడు. గఫూర్ సాబ్ కొలేషన్‌ను కొద్దికొద్దిగా కుదిస్తూ వచ్చారు. ముందు చిరునామా వదిలేశాము, తర్వాత సగం మాటలు.

దీపావళి దాటి పత్తి మిల్లులు తెరిచారు. తార్లు మీద పడుతున్నాయి. ఒక మధ్యాహ్నం నేను తిరిగి వినిపిస్తుంటే విఠల్ మధ్యలో అడ్డుకున్నాడు. "ఆపు తమ్మీ. సరిగ్గనే పోయింది, నాకెరుకే. ముందటిది రాసుకో."

ఆ ముందటిది చావు తార్. భైంసాలో ఎవరి తల్లో పోయింది. పోస్టుమాస్టరు చెయ్యి కాదు, విఠల్‌దే. మాటకూ మాటకూ మధ్య ఆ పాత విరామం. ముగించాక ఆయన ఏమైనా అడుగుతాడేమోనని నేను కీ మీద వేలు పెట్టి కూర్చున్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సౌండర్ మోగలేదు. "ఏం చూస్తున్నవ్? డెలివరీకియ్యి," అని గఫూర్ సాబ్ కసిరారు.

ఆ తర్వాత చాలా ఆఫీసుల్లో పనిచేశాను. నా కింద పనిచేసినవాళ్ళలో మనసు చెదిరినవాళ్ళు కొందరున్నారు. ఏం కాదులే అని వాళ్ళకు ఎన్నడూ చెప్పలేదు. వాళ్ళు చేసిన పనిని వాళ్ళకే తిరిగి చూపించాను, చాలని వాళ్ళు అనేదాకా.