బమాకోలో నాకు తగిలించిన ఇంటిపేరు

పొద్దున్న ఇంగ్లండులో, స్విండన్‌లో మా ఇంటిముందు, కౌన్సిల్ బండి వచ్చేలోగా చెత్తడబ్బా బయటికి లాగుతుంటే బమాకో నుంచి ఫోనొచ్చింది. నేను బావా అని పిలిచే మా పాత డ్రైవరు పోయాడని, మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకెళ్ళిపోతారని, ఈలోగా నేను నోరు విప్పాలని అతని భార్య చెప్పింది. సరే చెల్లెమ్మా, డబ్బా పెట్టొచ్చి చేస్తానన్నాను, పాలవాడితో మాట్లాడినంత మామూలుగా.

నోరు విప్పడమేమిటో తెలియాలంటే ఆ ఊరి సంగతి చెప్పాలి. పడుచుతనంలో అనంతపురం బోర్ల కంపెనీ తరఫున రిగ్గు మెకానిక్‌గా మాలి దేశపు ఆ రాజధానికి వెళ్ళాను. నైజరు నదికి అటూ ఇటూ పరుచుకున్న ఊరు. ఒడ్డున కూరమళ్ళు, మునిగి ఇసుక తోడి పడవలకెత్తే మనుషులు, వంతెనల మీద కిక్కిరిసిన ఆకుపచ్చ వ్యాన్లు, కొండమీద అధ్యక్షుడి మేడ, అన్నిటి మీదా ఎర్రదుమ్ము. ఓసారి మా రిగ్గు లారీ నది బురదలో దిగబడితే నీటిఏనుగు వెనకనుంచి నెట్టి గట్టెక్కించింది. నమ్మకపోతే మానేయండి, అక్కడా ఎవరూ నమ్మలేదు.

నమ్మనివాళ్ళలో మొదటివాడు మా డ్రైవరు. అక్కడ ఫలానా ఇంటిపేరువాళ్ళకి ఫలానా ఇంటిపేరువాళ్ళు తాతలనాటి నుంచీ వేళాకోళం వరస, మన బావాబావమరుదుల్లాగే. ఎంతమాటన్నా కోపం రాకూడదు. అతను తనకి వరసయ్యే ఇంటిపేరొకటి నాకు తగిలించి, ఆ పూటనుంచే తిట్టడం మొదలుపెట్టాడు. అలసందలు తినేవాడనడమే అక్కడ పెద్ద తిట్టు.

“ఏరా అలసందల మేతగాడా, లారీని నెట్టింది నీటిఏనుగా, నీ కడుపులో గాలా?”

“మా తాతగారి గాడిదల్ని కాసినవాడి మనవడివి, నువ్వా నన్నడిగేది!”

ఇంట్లో ఎవరైనా పోతే ఆ వరసవాడే వచ్చి శవాన్ని ఎగతాళి చేసి అందరినీ నవ్వించాలట. లేకపోతే చావు బరువు ఆ ఇంట్లోనే కూర్చుండిపోతుందని బావే ఓసారి టీ కాస్తూ చెప్పాడు.

డబ్బా పెట్టొచ్చి ఫోను చేశాను. ముంగిట్లో అందరికీ వినబడేలా చెల్లెమ్మ స్పీకరు పెట్టింది. నాకు ఏడుపు రాలేదు. బతుకంతా కోతలు కోసినవాణ్ణి, ఒక్కటీ తట్టదే!

“అన్నా, ఉన్నావా? అందరూ వింటున్నారు.”

“లేవయ్యా బావా,” అన్నాను చివరికి, వచ్చీరాని ఫ్రెంచిలో. “పని ఎగ్గొట్టడానికి ఇంత నాటకమా? వాణ్ణి గట్టిగా పట్టుకోండి, సగం దారిలో లేచి అలసందలు అడుగుతాడు!”

అవతల ముందొక ఆడగొంతు కిసుక్కుమంది, తర్వాత ముంగిలంతా నవ్వింది. ఆ నవ్వులోంచే చెల్లెమ్మ ఏడుపు అందుకుంది. నాకు మాత్రం, పన్ను పీకించుకున్నాక చెంపలా, ఏమీ తెలియలేదు. కారు తీసి ఆఫీసుకెళ్ళాను.

మన ఈడువాళ్ళకి తెలుసు, నోటికొచ్చినట్టు తిట్టి పరువుతీసే వరసలు ఒకప్పుడెన్ని ఉండేవో. ఇక్కడ మనవాళ్ళ పిల్లలు అంకుల్ అని పలకరిస్తారు, ఆఫీసులో ఆల్‌రైటా అనడుగుతారు, నా కోతలు సైతం తలూపుతూ మర్యాదగా వింటారు. నేను పోయిన రోజున అందరూ నా గురించి మంచే చెబుతారు.