ఎడమ దవడ

అప్పట్లో పిల్లల పళ్ల మీద జరిగే ఒక పరిశోధనలో పనిచేసేదాన్ని. పుచ్చిన పంటికి రెండు రకాల సిమెంట్లలో ఏది మేలో తేల్చాలి. ఏడాది తర్వాత సిమెంటు ఊడకుండా ఉంటే చాలు, నయమైనట్టే రాసుకునేవాళ్లం.

ఆ రోజు ఆర్మూర్‌లో ఒక బడి చూసుకుని సాయంత్రం బస్సెక్కబోతున్నాను. గోళ్ల దాకా పసుపు పట్టిన చేత్తో ఒకామె నా కాగితాల కట్టను గట్టిగా పట్టుకుంది. ఆమె వెనక నుంచి ఏడేళ్ల పాప నన్ను చూపిస్తోంది.

"పొద్దుగాల నా బిడ్డ పన్ను సూసింది నువ్వే గద మేడం? ఏం రాసినవ్?"

"బాగుందని రాశానమ్మా. సిమెంటు గట్టిగానే ఉంది."

ఆమె కాల్చిన మక్క కంకి పాప చేతిలో పెట్టింది. పాప కొరికి, గింజలన్నీ నాలుకతో ఎడమ దవడకు నెట్టుకుంది. సిమెంటు పెట్టింది కుడి వైపు.

"ఏడాది సంది గిట్లనే నములుతున్నది. పసుపు కొమ్మునైనా ఇరిసి సూసినంకనే మంచిదంటం. గిది రాసుకో."

కండక్టర్ విజిల్ వేశాడు. కాగితం పైనుంచి కిందిదాకా వెతికాను.

"ఇందులో దానికి గడి లేదమ్మా."

ఆమె కట్ట వదిలేసింది.

"మరి ఎవలి కోసం రాస్తున్నవ్?"

బస్సు కదులుతోంది. ఎక్కేశాను.

మరుసటి ఏడాది బళ్లకు వెళ్లినప్పుడు నా సంచిలో పళ్లు చూసే అద్దంతో పాటు కాల్చిన మక్క కంకులు కూడా ఉన్నాయి. ఆ పాప మాత్రం ఆర్మూర్ బడిలో లేదు.