దర్జీ అమ్మాయి గుమ్మానికి అడ్డం నిలబడ్డ రోజు

మా వీధిలో బట్టలు కుట్టే అమ్మాయి సొంత ఆడపడుచును ఇంట్లోంచి గెంటేసిందని ఒక మాట పుట్టింది. కుళాయి దగ్గర పుట్టినప్పుడు చిన్నదే. టీ కొట్టు చేరేసరికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి. మెడ పట్టుకుందట, సంచీ వీధిలోకి విసిరిందట, అదంతా ఒక దారం రీలు కోసమట! ఎదురింటి అరుగు మీద రోజూ కూర్చునే నేను ఉన్నాను కదా, నన్నొక్క ముక్క అడక్కుండా ఇంత కథ ఎలా అల్లారో! కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆ అమ్మాయి ఆడపడుచును బయటికి గెంటలేదు. బయటికి పోనివ్వలేదు. రెండింటికీ ఎంత తేడా ఉందో మీరే చూడండి.

దర్జీ అమ్మాయిది రెండు గదుల ఇల్లు. ముందు గదంతా పనికే. కిటికీ కింద కుట్టుమిషను, పక్కన పొడుగాటి బల్ల, దాని మీద కత్తెర, టేపు, అరిగిపోయిన సుద్దముక్కలు. గోడకు కొట్టిన మేకులకు గౌన్లూ చొక్కాలూ వేలాడుతుంటాయి. నేల ఎంత ఊడ్చినా గుడ్డపీలికలు కాళ్ళకు చుట్టుకుంటూనే ఉంటాయి. మొగుడు లారీ నడుపుతాడు. వెళ్ళాడంటే ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. ఇంట్లో ఉండేది ఈమె, రెండో తరగతి చదివే కూతురు. ఆ పిల్లను అందరం బొంగరం అంటాం. ఒక చోట నిలబడితే ఒట్టు.

కుట్టు నేర్చుకోవడానికి కూడా ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు వస్తుంటారు. వాళ్ళ దగ్గర ఈమెదొక పద్ధతి. ఎవరు తప్పు కుట్టినా చేతిలోంచి గుడ్డ లాక్కోదు. "విప్పు" అంటుంది, అంతే. ఒకరోజు ఒక పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

"అక్కా, ఈ చంకే నాలుగుసార్లు విప్పాను. ఈ ఒక్కసారికి నువ్వు కుట్టెయ్యవూ?"

"నేను కుడితే నాకొస్తుంది. నాకు వచ్చులే. నువ్వు విప్పు."

కూతురి దగ్గరా అదే పద్ధతి. పిల్లను ఒంటరిగా పంపిస్తుందని చెవులు కొరుక్కున్నవాళ్ళు, అసలు ఎలా పంపడం మొదలుపెట్టిందో చూడలేదు. నేను చూశాను. మొదట మా ఇంటికి పంపేది, సూది అడిగి తెమ్మని. తర్వాత వీధి మలుపులో ఉన్న టీ కొట్టుకు. ఆ తర్వాత పెద్ద రోడ్డు అవతల ఉన్న దారాల కొట్టుకు. అక్కడికి పంపే ముందు ఎన్నోసార్లు తనే కూడా వెళ్ళింది, కానీ వెనకాల నడిచేది. "నాకు దారి తెలీదు, నువ్వే తీసుకెళ్ళు" అనేది పిల్లతో. ఒకసారి బొంగరం తప్పుదారి పట్టి బొగ్గుల సందులోకి తిరిగితే, ఈమె నోరు మెదపకుండా ఆ సందు చివరి గోడ దాకా వెళ్ళింది. గోడ చూసి పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని, "అమ్మా, దారి తప్పిపోయాం" అంది. "అవునా! ఇప్పుడెలా?" అంది తల్లి. ఈ సంగతి బొంగరమే నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. "మా అమ్మకు ఏ దారీ తెలీదు అమ్మమ్మా, పాపం" అని జాలిపడింది కూడా.

అలా కొన్నాళ్ళు సాగాక ఒక తమాషా జరిగింది. అప్పుడు ఇంటినిండా బడిపిల్లల బూడిద రంగు బట్టలు. దారం అయిపోయింది. దారం తెప్పించాలంటే గుడ్డలోంచి చిన్న ముక్క కత్తిరించి పిల్ల చేతికిస్తుంది. ఆ రంగుకు కలిసే దారం వెతికి తేవడం పిల్ల పని. ఆ రోజు హడావిడిలో కింద పడున్న కర్టెను ముక్క చేతికొస్తే అదే ఇచ్చేసింది. ముదురాకుపచ్చ ముక్క. పిల్ల వెళ్ళింది, వచ్చింది. తెచ్చింది చక్కని బూడిద రంగు దారం.

దర్జీ అమ్మాయి ముక్కనూ దారాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఇది నువ్వే ఏరావా?"

"కొట్టు తాతయ్య ఇచ్చాడు. నేను చెయ్యి చాపగానే ఇచ్చేస్తాడు."

తనే పొరపాటున వేరే ముక్క ఇచ్చినా సరైన దారం ఇంటికొచ్చిందంటే, పిల్ల ఇన్నాళ్ళూ వెతికిందేమీ లేదన్నమాట. ఇంకాస్త కదిపితే అన్నీ బయటపడ్డాయి. టీ కొట్టామె చేతిలో గరిటె పట్టుకునే వచ్చి బండ్లు ఆపి రోడ్డు దాటిస్తోంది. ఇక మన సంగతంటారా, పిల్ల తిరిగొచ్చేదాకా గేటు పట్టుకుని నిలబడి, సైకిల్ మీద పోయే ప్రతివాణ్ణీ "మా బొంగరం కనిపించిందా" అని అడుగుతున్నాను.

ఆమె మిషను మీద గుడ్డ కప్పి లేచింది. నేరుగా దారాల కొట్టుకు. వెనకాలే నేనూ. ఊరికే, తోడుగా.

"దారం అమ్మమంటే జాలి కూడా కలిపి అమ్ముతున్నారేంటి బాబాయిగారూ?"

కొట్టాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పసిదానికి మళ్ళీ తిరగడం ఎందుకమ్మా? నువ్వేం కుడుతున్నావో వీధికంతా తెలుసు కదా."

"తిరిగితే తిరుగుతుంది. అడిగితే చెప్పండి. అడక్కపోతే మీకు తెలీనట్టే ఉండండి."

"తెలిసినా?"

"తెలిసినా!"

టీ కొట్టామెకు కూడా అదే మాట. "వదినా, ఎలా దాటాలో దానికి నేర్పాను. నువ్వు గరిటె పట్టుకుని టీ కాచుకో. అది నిన్ను పిలిస్తే మాత్రం పరిగెత్తుకెళ్ళు." అందరికీ అయ్యాక నా వైపు తిరిగింది. "పిన్నిగారూ, మీరు..." "నేనేం చేశానే తల్లీ, గేటు నాది, నిలబడతాను" అన్నాను. నవ్వింది గానీ మెత్తబడలేదు.

సరిగ్గా ఆ మరుసటి వారం ఆడపడుచు దిగింది. లారీ అబ్బాయికి అక్క. పిల్లాజెల్లా లేని మనిషి. తమ్ముడి కూతురంటే ప్రాణం. పిల్లను ఒంటరిగా పంపే సంగతి ఎవరో పుణ్యాత్ములు ఆమె చెవిన వేశారు. తమ్ముడు ఫోన్‌లో తేల్చి చెప్పేశాడట: "నువ్వెళ్ళి చూడక్కా. నీకు బాగా అనిపించకపోతే పిల్లను నీతో తీసుకెళ్ళు, అక్కడే బళ్ళో వేద్దాం." అక్క మాట అతనికి తిరుగులేనిది. ఆవిడ వస్తూ వస్తూ పిల్ల బట్టలకని ఖాళీ సంచీ కూడా తెచ్చుకుంది. అదీ సంగతి. ఆవిడ తల ఊపితే బొంగరం ఆ ఇంట్లో ఉంటుంది, అడ్డంగా ఊపితే ఉండదు.

నాకు మనసు ఆగలేదు. పెరటి వైపు పిలిచి చెప్పాను. "అమ్మాయ్, ఆవిడున్న నాలుగు రోజులూ పిల్లను ఎక్కడికీ పంపకు. ఆవిణ్ణి బండెక్కించేశాక నీ ఇష్టం."

"ఆవిడొచ్చిందని ఆపేస్తే, పిల్ల తను చేస్తున్నది తప్పని అనుకోదా పిన్నిగారూ? పంపిస్తాను."

"ఆవిడ పిల్లనే తీసుకెళ్ళిపోతే?"

ఆమె తడిబట్ట పిండిన నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నా చూసుకోకుండా పిండుతూనే ఉంది.

మర్నాడు చొక్కా గుండీ ఊడిందన్న వంకతో నేనూ వాళ్ళ ముందు గదిలోనే ఉన్నాను. నెమలికంఠం రంగు గౌను ఒకటి సగం కుట్టి ఉంది. ఆమె ముక్క కత్తిరించి బొంగరానికిచ్చింది. ఆడపడుచు కళ్ళార్పకుండా చూసింది. పిల్ల వెళ్ళి వచ్చింది. తెచ్చింది ముదురు నీలం దారం.

"కిటికీ దగ్గర పెట్టి చూడు" అంది తల్లి.

పిల్ల చూసింది. మొహం వాడిపోయింది.

"చూశావా మరదలా? దానికేం తెలుసని పంపావు? పసి కళ్ళు!" ఆడపడుచు పిల్లను దగ్గరికి లాక్కుంది. "ఇలా ఇవ్వమ్మా, అత్త వెళ్ళి మార్చుకొస్తుంది."

దర్జీ అమ్మాయి ఆవిడ వైపు చూడలేదు. "ఏం చేద్దామే?" అని పిల్లను అడిగింది.

బొంగరం కాసేపు బొటనవేలితో నేలను రాసి, "మార్చుకొస్తాను" అని అత్త చేతిలోంచి జారిపోయింది.

ఇక చూడండి. వెళ్ళిన పిల్ల ఎంతసేపటికీ రాదు. మిషను ఆగకుండా నడుస్తోంది. ఆడపడుచు కాలు కాలిన పిల్లిలా కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతోంది. నేను గుండీలోకి దారం ఎక్కించాను, తీశాను, మళ్ళీ ఎక్కించాను. రోడ్డు మీద పెద్ద బండేదో గట్టిగా హారన్ కొట్టింది. అంతే, ఆడపడుచు చెప్పులేసుకుంది.

మిషను ఆగింది. దర్జీ అమ్మాయి ఒక్క అంగలో గుమ్మం దగ్గరుంది. ద్వారబంధానికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"తప్పుకో!"

"కూర్చో వదినా."

"నీకేమైనా మతిపోయిందా? ఆ హారన్ వినలేదూ?"

"విన్నాను. రోడ్డన్నాక హారన్లు కొడతారు."

"నా తమ్ముడి బిడ్డ అది!"

"నా బిడ్డ కూడా. ఇప్పుడు నువ్వెళ్ళి చెయ్యి పట్టుకున్నావంటే, దానికి చేతకాదని అందరం కలిసి చెప్పినట్టే. వచ్చాక తీసుకెళ్తానంటే అప్పుడు పోట్లాడుకుందాం. ముందు దాన్ని రానీ."

"రాకపోతేనో?" అని అరిచింది ఆడపడుచు. ఆ అరుపే వీధిలో వినిపించింది. బిందె పట్టుకుని పోతున్నవాళ్ళకు కనిపించింది ఏమిటి? గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి చెయ్యి అడ్డం, ఒకరి కేకలు. ఇంకేం కావాలి? మిగతాది వాళ్ళే కుట్టుకున్నారు.

నిజానికి ఆ చెయ్యి పట్టుకుంది ద్వారబంధాన్నే. "అమ్మాయ్, నేనైనా వెళ్ళి దూరం నుంచి చూసి..." అని నేను లేవబోతే, "మీరూ కూర్చోండి పిన్నిగారూ" అంది. కూర్చున్నాను. నన్ను కూర్చోమంటే కూర్చున్న సందర్భాలు తక్కువ.

అప్పుడొచ్చింది బొంగరం. మొహం నిండా చెమట, రెండు చేతుల్లో రెండు రీళ్ళు. తల్లి చేతి కిందనుంచి దూరి లోపలికొచ్చింది.

"ఇంతసేపు ఏం చేశావే తల్లీ!" అత్త కొంగుతో దాని మొహం తుడిచింది.

"కొట్లో లైటు అబద్ధం చెప్తోంది అత్తా! అక్కడ అన్నీ నీలంగానే కనబడుతున్నాయి. అందుకే రీళ్ళు మెట్టు మీదికి తెచ్చి ఎండలో చూశాను. తాతయ్య ముందు తేనివ్వనన్నాడు. అడిగాను. మళ్ళీ అడిగాను. అప్పుడిచ్చాడు." ఊపిరి తీసుకుంది. "ఈ రెండూ ఒకలాగే ఉన్నాయి. అమ్మ చూసి ఒకటి ఉంచుకుంటే ఇంకోటి ఇచ్చేసొస్తాను."

"మళ్ళీ వెళ్తావా?"

"మాటిచ్చాను కదా."

దర్జీ అమ్మాయి రెండు రీళ్ళూ కిటికీ దగ్గర పట్టుకుని చూసి, ఒకటి బల్ల మీద పెట్టి, రెండోది పిల్లకిచ్చింది. "నీళ్ళు తాగి వెళ్ళు" అంది. పిల్ల గటగటా తాగేసి పరుగు తీసింది. ఈసారి ఆడపడుచు చెప్పులు విప్పి కూర్చుంది. కళ్ళు మాత్రం రోడ్డు మీదే.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ప్రయాణం. వెళ్ళేముందు తమ్ముడికి ఫోన్ చేసింది. ఇటు అరుగు మీదికి కూడా వినిపించేంత గొంతు ఆవిడది. "పిల్ల బాగానే ఉంది, ఇక్కడే ఉండనీ. నీ పెళ్ళాం సంగతే చెప్తున్నా, ఆ ఇంటికి తలుపు దండగ. ఆవిణ్ణి నిలబెడితే చాలు, గొళ్ళెం కూడా అక్కర్లేదు." అని నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ఖాళీ సంచీ చంకలో పెట్టుకుని, పిల్ల బుగ్గలు రెండూ పుణికి, కళ్ళొత్తుకుంటూ వెళ్ళింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిజమే. అవి గెంటేస్తే ఎర్రబడ్డ కళ్ళు కావు. తీసుకెళ్దామని వచ్చి వదిలేసి వెళ్ళిన కళ్ళు.

ఇక నా వంతు. ఇన్నాళ్ళూ చుట్టుతిప్పి ఎన్నోసార్లు కదిపాను గానీ ఆ అమ్మాయి నవ్వి తప్పించుకునేది. ఆ సాయంత్రం ఎదురుగా కూర్చుని సూటిగా అడిగేశాను.

"ఇదిగో అమ్మాయ్, పిల్ల చెయ్యి జారిపోయేట్టుందని తెలిసి కూడా ఆ గుమ్మంలో అలా ఎలా నిలబడ్డావు? నీకు భయం లేదా, లేక మొండితనమా?"

ఆమె మిషను తొక్కడం ఆపింది.

"భయమే పిన్నిగారూ. పుట్టింట్లో నన్ను గడప దాటనిచ్చేవారు కాదు. సబ్బు కావాలన్నా అన్నయ్యే తెచ్చేవాడు. ఎంత గారాబమో అనేవాళ్ళు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. పెళ్ళయ్యాక రైలుగేటు దగ్గర ఒక గదిలో ఉండేవాళ్ళం. ఆయన లారీ మీద వెళ్ళారు. ఇది నెలల పిల్ల, ఒళ్ళు కాలిపోతోంది. మందు తేవాలి. కొట్టు ఎక్కడుందో తెలీదు. బయటికొచ్చి ఎవరినైనా అడిగితే చెప్తారు. గుమ్మం దాకా వచ్చాను, నోరు పెగల్లేదు. లోపలికెళ్ళాను. మళ్ళీ వచ్చాను. అలా తిరిగి తిరిగి, తడిగుడ్డ వేస్తూ ఆయనొచ్చేదాకా కూర్చున్నాను. మర్నాడు ఆయనతో వెళ్ళాక చూశాను. మందుల కొట్టు మా గది వెనక గోడకు ఆనుకునే ఉంది."