సీసా మెడలో గార

ద్వారకా నగర్‌లో ఎక్కిన బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి పేరు నేను అడగలేదు. ఆటోనగర్‌లో లారీ రేడియేటర్లు కడిగే షెడ్డు ఉందని తనే చెప్పాడు.

"ఏటి బావ, మొకం అలగెట్టుకున్నావ్?" అన్నాడు.

సెలవులో ఉన్నా నా మనసంతా నేను పనిచేసే అణు విద్యుత్ కేంద్రంలోనే ఉంది. అక్కడ నీటి ప్రవాహాన్ని కొలిచే మీటరు నిండుగా చూపిస్తోంది, తయారయ్యే కరెంటు మాత్రం నెలనెలా తగ్గుతోంది. ఆ మీటరును సరిచూసి సంతకం పెట్టింది నేను. వైర్లన్నీ ఐదుసార్లు చూసినా లోపం దొరకలేదు. తప్పు నాదేనని రాసిన ఉత్తరం జేబులో ఉంది. ఇంట్లో కూడా చెప్పనిదంతా అతనికి చెప్పేశాను.

అతను నా స్టీలు సీసా మూత తీసి, మెడ లోపల నా బొటనవేలితోనే తడిమించాడు. బోరు నీళ్ళ గార గరుకుగా తగిలింది.

"ఎవుడో తప్పు సేసాడని గార పట్టదు బావ. నీళ్ళు పారితే పడతాది. మీ గొట్టం లోపల సూసారా?"

చూడలేదు. బస్సులోంచే కేంద్రానికి ఫోన్ చేశాను.

తరువాత విప్పి చూస్తే, మీటరు ఇరుకు గొంతులో నల్లటి గార. దారి సన్నబడి నీళ్ళు జోరందుకునేసరికి, మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించింది. రియాక్టరు శక్తిని ఆ మీటరు లెక్కతోనే కొలుస్తాం కాబట్టి, హద్దు దాటుతోందనుకుని మేమే దాన్ని తగ్గించి నడిపాం. ప్రమాదమేమీ లేదు. ఉత్తరం చించేసి, చాలా రోజులకు కడుపు నిండా తిన్నాను.

ఆ సీసా ఇప్పటికీ కడగలేదు. కొత్తగా చేరినవాళ్ళెవరైనా సంతకం పెట్టి బెంగపడుతుంటే, మూత తీసి చేతికిస్తాను.