రెండు చేతుల్లో టీ, నోట పాఠం

కలకత్తా వెళ్లాలని నేననుకోలేదు. మా చెల్లెలి కూతురు మాధవి ఫోన్ చేసి రమ్మంది. మాధవి పశువుల డాక్టరు, అందులోనూ ఎమర్జెన్సీ. బండి కింద పడ్డ కుక్కలూ, దారం మింగిన పిల్లులూ వస్తే పరుగెత్తుకొచ్చి ప్రాణం నిలబెట్టే రకం. అల్లుడు బ్యాంకు ఆఫీసరు. బదిలీ మీద సాల్ట్ లేక్‌లో కాపురం పెట్టారు, అక్కడే ఒక జంతువుల ఆసుపత్రిలో దాని ఉద్యోగం.

"పెద్దమ్మా, నాతో కలిపి సీనియర్లం ఐదుగురం ఉన్నాం. జూనియర్లకు పని నేర్పడం ఎలాగో నువ్వు మాకు నేర్పాలి. బి.ఎడ్. కాలేజీలో ముప్పై ఏళ్లు అదే పని చేశావు కదా" అంది.

"నాకు కుక్కలంటే భయమే" అన్నాను.

"నువ్వు చెప్పేది కుక్కలకు కాదు, డాక్టర్లకు."

అసలు సంగతి తరవాత బయటపెట్టింది. ఏడాదిలో ముగ్గురు జూనియర్ డాక్టర్లు ఎమర్జెన్సీ వదిలి వెళ్లిపోయారట. నాలుగో అమ్మాయి గౌరి కూడా రాజీనామా కాగితం ఇచ్చేసింది. బంగారంలాంటి పిల్ల, పోగొట్టుకోలేనని, సోమవారం దాకా ఆ కాగితాన్ని పైవాళ్లకు పంపకుండా తన సొరుగులోనే ఉంచానని చెప్పింది. "మేం ఎంత బాగా చెప్పినా వీళ్లకు ఎక్కడం లేదు పెద్దమ్మా" అని ముగించింది. ఈ వాక్యం నేను సర్వీసంతా విన్నాను. అన్నవాళ్లలో ఒక్కరైనా లోపం తమవైపు ఉందేమోనని అనుమానపడగా చూడలేదు. సరే వెళ్లి చూద్దామని బట్టలు సర్దుకున్నాను.

గురువారం సాయంత్రం నాలుగింటికి విశాఖలో కలకత్తా దగ్గరి షాలిమార్ వెళ్లే బండి ఎక్కాను. కింది బెర్తు దొరికింది. ఎదురుగా ఖరగ్‌పూర్‌లో పచ్చళ్ల దుకాణం నడిపే పెద్దాయన కూర్చున్నారు. శ్రీకాకుళం రోడ్ దాటేసరికి నా వివరాలన్నీ రాబట్టారు.

"అంటే మీరు డాక్టర్లకు పాఠం చెబుతారన్నమాట. మీరూ డాక్టరేనా?"

"కాదండీ."

"ఇంట్లో కుక్కలున్నాయా?"

"లేవండీ. భయం."

"మరి వాళ్లకు ఏటి సెప్తారమ్మా?"

"అదే ఆలోచిస్తున్నానండీ" అన్నాను. జాలిపడి ఒక ఉసిరికాయ పచ్చడి పొట్లం నా చేతిలో పెట్టారు. పలాసలో చీకటి పడింది. బరంపురం దగ్గర పెరుగన్నం తిని, మెలకువ వచ్చేసరికి ఖరగ్‌పూర్ దాటిపోయింది. పెద్దాయన ఎప్పుడు దిగారో తెలియదు.

శుక్రవారం ఉదయం ఆరింటికి షాలిమార్. ఇది హౌరాలాగా జనసముద్రం కాదు. గూడ్సు యార్డుల పక్కన నెమ్మదిగా ఉండే స్టేషను, పెద్దవాళ్లు దిగడానికి సుఖం. అల్లుడు క్యాబ్ తెచ్చాడు. రెండో హుగ్లీ వంతెన మీదుగా సాల్ట్ లేక్ చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ ఊళ్లో వీధులకు పేర్లకన్నా అక్షరాలే ఎక్కువ. ఏ బ్లాకు, ఏ అక్షరం, ఎన్నో నంబరు అని చెబితేనే ఆటో కదులుతుంది. వెళ్లదలచుకున్నవారు చిరునామా కాగితం మీద రాసుకోండి. నాలాగా గుర్తుంటుందిలే అనుకుంటే పాలు తేవడానికి వెళ్లి అరగంట తిరుగుతారు.

ఆ సాయంత్రం మాధవి ఆసుపత్రి చూపించింది. గుమ్మంలో ఆకుపచ్చ కోటు వేసుకున్న సన్నటి అమ్మాయి ఎదురొచ్చింది. "వైజాగు నుంచొచ్చీసినారా మాషిమా? మాదీ అటే, సికాకుళం అవతల. నానెప్పుడూ సూడనేదు గానీ" అంది. మాషిమా అంటే పిన్నిగారు లాంటి పిలుపు. ఈ పిల్లే గౌరి. కలకత్తాలోనే పుట్టింది. తెలుగు చదవడం రాదు, మాట్లాడితే మాత్రం మా విజయనగరం అత్తయ్య గుర్తొచ్చింది. ఆ నవ్వుముఖం చూస్తే కాగితం ఇచ్చిన పిల్లని ఎవరూ అనుకోరు.

శనివారం ఉదయం పది గంటలకు పాఠం మొదలు. ఎదురుగా ఐదుగురు సీనియర్లు, వాళ్లలో మాధవి ఒకతి. కరిచే కుక్క నోట్లో చెయ్యి పెట్టే ఈ ధీరులు నన్ను చూసి నోటు పుస్తకాలు గుండెకు హత్తుకుని కూర్చున్నారు. నేను ఉపన్యాసం ఇవ్వలేదు. బల్ల మీద రబ్బరుతో చేసిన కుక్క కాలు ఉంది. అందులో నరంలాంటి గొట్టం, గొట్టంలో ఎర్రనీళ్లు. ఆ నరంలోకి సెలైన్ సూది ఎక్కించడం నాకు నేర్పమన్నాను. ఏమీ తెలియని, భయపడే విద్యార్థి కావాలంటే నాకన్నా యోగ్యురాలు ఆ ఊళ్లో లేదు.

మొదట మీసాల బెంగాలీ డాక్టరుగారు వచ్చారు. నరాల గురించి ఇంగ్లీషులో పావుగంట అద్భుతంగా మాట్లాడారు. సూది ఇవ్వడం మరిచిపోయారు. రెండో ఆయన ప్రతి ముక్కకూ ముందు "ఇది చాలా తేలిక" అన్నారు. నాకు చేతకానప్పుడల్లా ఆ తేలిక నెత్తిన బరువై కూర్చుంది. మూడోది మా మాధవి.

"సూది ఇలా పట్టుకో పెద్దమ్మా, వంపు ఇటు, కాదు, ఇలా, ఇదిగో... అయిపోయింది! చూశావా, ఎంత బాగా ఎక్కిందో!"

"ఎక్కింది. ఎవరు ఎక్కించారే?"

మాధవి తన చేతివైపు చూసుకుంది. సూది దాని చేతిలో ఉంది. నా చేతిలోంచి ఎప్పుడు వెళ్లిందో నాకూ తెలియలేదు, దానికీ తెలియలేదు. గదిలో ఎవరూ నవ్వలేదు. మిగతా నలుగురూ ఎవరి చేతులు వాళ్లు చూసుకుంటున్నారు.

వాళ్లను తప్పుపట్టలేం. అరనిమిషం ఆలస్యమైతే ప్రాణం పోయే చోట పెరిగిన చేతులవి. ఆగడం వాటికి ఎవరూ నేర్పలేదు. కాని పక్కన నిలబడ్డ జూనియరుకు మాత్రం ఏళ్ల తరబడి మేడమ్‌గారి వీపు తప్ప ఇంకేమీ కనబడదు.

పదకొండున్నరకు వీధి చివరి కొట్టు నుంచి మట్టి కప్పుల్లో టీ వచ్చింది. అప్పుడు తట్టింది నాకు. మాధవి రెండు చేతుల్లోనూ అంచుదాకా నిండిన కప్పులు పెట్టి, "ఇప్పుడు నేర్పు. ఒక్క చుక్క ఒలికినా మళ్లీ మొదటినుంచి" అన్నాను.

"ఇదేం శిక్ష పెద్దమ్మా!"

"శిక్ష కాదు, పాఠం. కానివ్వు."

అది నోరు తెరిచింది. ఇలా, అలా, అటు, ఇటు తప్ప దాని దగ్గర ఒక్క మాట లేదు. ఇన్నాళ్లూ చెప్పిందంతా చేతులే. మూడుసార్లు టీ ఒలికింది. నాలుగోసారికి, "సూది వంపు పైకి ఉండాలి. చర్మానికి వాలుగా, పెన్ను పట్టుకున్నట్టు పట్టుకో. ఎర్రనీళ్లు కనిపించగానే ఆగు. ఆగావా? ఇప్పుడు గొట్టాన్ని మాత్రమే ముందుకు తొయ్యి" అని నోటితో చెప్పింది. ఇరవై నిమిషాలు పట్టింది. అరవై నాలుగో ఏట నేను రబ్బరు కుక్కకు సెలైన్ పెట్టాను. ఫోటో తీయించుకుని మా చెల్లెలికి పంపాను.

భోజనాలయ్యాక అందరూ అలాగే కప్పులు పట్టుకుని ఒకరికొకరు నేర్పారు. మీసాలాయన తెల్ల కోటు టీ రంగులోకి మారింది. సాయంత్రానికి ఒక నియమం కూడా రాసుకున్నాం. జూనియరు పని మొదలుపెట్టే ముందే, ఎన్నిసార్లు ప్రయత్నించవచ్చో, తాను ఎప్పుడు పని అందుకునేదీ సీనియరు పైకి చెప్పాలి.

ఐదింటికి గౌరి నన్ను ఇంటిదాకా దింపింది. దారిలో పుచ్కాలు తినిపించింది. అవి పానీపూరీలే, కాని అక్కడ ఆ మాట అంటే ఒప్పుకోరు. రెండోది నోట్లో ఉండగా అడిగాను, ఎందుకు వెళ్లిపోతున్నావని.

"దీదీ మంచిదే మాషిమా. అలాటి డాట్రు కలకత్తాల నేదు" అని మొదలుపెట్టింది. దీదీ అంటే అక్క, అంటే మా మాధవి. "మొన్నొక కుక్కొచ్చింది. ఊపిరితిత్తుల సుట్టూ గాలి నిండిపోయి ఊపిరాడతల్లేదు. సూదేసి గాలి తీయాల. సూది నా సేతిలోనే ఉంది. దీదీ లాగీసుకుంది. కుక్క తాలూకోళ్లందరూ సూస్తన్నారు. తప్పు సేస్తే తిట్టొచ్చు మాషిమా, పడతాను. నానింకా ఏటీ సెయ్యనేదు."

ఇంకో ఉద్యోగం చూసుకుందట, దాణా కంపెనీలో. వాళ్ల నాన్న మునిసిపాలిటీ చెత్తబండి నడుపుతాడు. "మా నాన్న అందరికీ సెప్పుకుంటాడు, మా గౌరి ప్రాణాలు కాపాడతాదని. బస్తాలు అమ్ముతాదని ఎలా సెప్పాలో తెలీట్లేదు" అంది. ఈ మాటలు మాధవికి చెప్పాలా అని ఆలోచించాను. చెప్పలేదు. చెబితే అది క్షమాపణ అడుగుతుంది, అడిగేసి మళ్లీ సూది లాక్కుంటుంది.

ఆదివారం పదకొండింటికి పాఠం మధ్యలో బయట కేకలు వినిపించాయి. ఇద్దరు ఆడవాళ్లు ఒక వీధికుక్కను దుప్పట్లో చుట్టుకుని రిక్షాలో తెచ్చారు. దాన్ని మోటారుసైకిలు గుద్దిందట. అందరూ లేచి పరుగెత్తారు. నేను బయటికి పోదామనుకుని కంగారులో వాళ్లతోపాటే లోపలికి వెళ్లి గోడకు అతుక్కుపోయాను. కుక్క నోరు తెరిచి రొప్పుతోంది. నాలుక నీలంగా మారింది. మాధవి దాని ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చూసి, "గాలి" అంది. గౌరి చెప్పినలాంటి కేసే మళ్లీ వచ్చింది.

బల్ల మీద సూది ఉంది. మాధవి చెయ్యి దానివైపు వెళ్లింది. నేను చూశాను, బల్ల అవతల డ్యూటీలో ఉన్న గౌరి కూడా చూసింది, చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. మాధవి చెయ్యి గాల్లో ఆగింది.

"గౌరీ, నువ్వు చెయ్యి. రెండుసార్లు నీవి, మూడోది నేను. ఇక్కడే ఉన్నాను."

గౌరి సూది దించింది. ఏమీ రాలేదు. కుక్క మెడ వాలిపోతోంది. మాధవి చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది, వెనక ఉన్న నాకు వేళ్లు కనిపిస్తున్నాయి. ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టు పట్టుకుని నొక్కుతోంది, గోళ్లు దిగేలా. గొంతు మాత్రం నెమ్మదిగా ఉంది. "ఒక పక్కటెముక వెనక్కి జరుగు. వేలితో తడుము. ఎముక ముందంచు దొరికిందా? దాన్ని ఆనుకుని దించు. తొందర లేదు." తొందర ఎంత ఉందో నాకే తెలుస్తోంది.

రెండోసారి సూదికి తగిలించిన గొట్టం చివర సిరంజి పిడి తేలిగ్గా వెనక్కి వచ్చింది. మీసాలాయన గాలి లాగి వదులుతున్నారు, లాగి వదులుతున్నారు. కాసేపటికి కుక్క మూతి మూసింది. నాలుక గులాబీ రంగుకు తిరిగింది. గౌరి సూది కదలకుండా పట్టుకునే ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దేనికో సరిగా తెలియకుండానే.

తరవాత కాఫీ తాగుతూ మాధవిని అడిగాను, ఆ కుక్క పోయి ఉంటే ఏం చేసేదానివని. "మూడోది నాది కదా, పోనిచ్చేదాన్ని కాదు" అంది. కప్పు కింద పెట్టి, "పెద్దమ్మా, నేను చేస్తే నాకు ఎప్పుడూ భయం వెయ్యలేదు. ఇవాళ వేసింది" అంది. మణికట్టు మీద నాలుగు ఎర్రటి గాట్లు ఉన్నాయి.

సోమవారం మధ్యాహ్నం మూడింటి చిల్లరకు హౌరా నుంచి నా బండి. మాధవికి డ్యూటీ. గౌరి తోడొచ్చింది. సాల్ట్ లేక్‌లోని సెక్టర్ ఫైవ్ నుంచి హౌరాకు ఇప్పుడు మెట్రో ఉంది, నది కింద నుంచి వెళ్తుంది. అరగంట ప్రయాణం. ట్రాఫిక్‌లో టాక్సీ ఎక్కి గాభరాపడకండి, ఇదే మేలు. నది కింద ఉన్నామని నీలం దీపాలు వెలిగితే తప్ప తెలియలేదు. కాగితం సంగతి అడగాలని నోటిదాకా వచ్చింది. సోమవారం వచ్చేసింది కదా. కాని నేనూ ఆగాను.

నన్ను బెర్తులో కూర్చోబెట్టి, నీళ్ల సీసా అందించి, కిటికీ బయట నిలబడి తనే చెప్పింది.

"పొద్దుట దీదీ పిలిసింది మాషిమా. నా కాగితం తీసి బల్ల మీదెట్టింది. తీసుకోమనీ అన్లేదు, వద్దనీ అన్లేదు. సేతులు ఎనక్కెట్టుకుని నిల్సుంది. ఎంత సేపో అలాగే నిల్సుంది."

"నువ్వేం చేశావమ్మా?"

"ఆవిడికి అలా నిల్సోడం ఎంత కష్టమో నాకు తెల్సు కదా. ఇంక సూడలేక తీసీసుకున్నాను. సింపీసినాను."

బండి కదిలింది. చెయ్యి ఊపుతూనే ఉంది పిల్ల. ఎదుటి సీట్లో కటక్ వెళ్లే ఆవిడ, "మీ అమ్మాయా?" అని అడిగింది. కాదన్నాను.

కలకత్తాలో కాళీఘాట్ చూడలేదు, విక్టోరియా మెమోరియల్ చూడలేదు. ఊరికి వెళ్లాక అందరూ అడుగుతారు, ఏదో ఒకటి చెప్పుకోవాలి. దానికి బదులు నేను ఆలోచిస్తూ కూర్చున్నది వేరే సంగతి. నా బి.ఎడ్. పిల్లలు ట్రైనింగు పాఠాలు చెబుతూ బోర్డు దగ్గర తడబడితే లేచి వెళ్లి, చేతిలోంచి చాక్‌పీసు తీసుకుని, "ఇలా చెప్పాలమ్మా" అని మిగతా పాఠం నేనే పూర్తిచేసేదాన్ని. అందరూ మెచ్చుకునేవారు. నాకు ఎవరూ కాగితం ఇవ్వలేదు. కాగితం ఇవ్వకుండానే బడి మానుకుని ఇంకో పని చూసుకున్నవాళ్లు ఉండే ఉంటారు. బాలాసోర్ దాటేదాకా వాళ్ల పేర్లు గుర్తుచేసుకున్నాను. మూడు గుర్తొచ్చాయి.