గీత కింది మాట

కళ్ళజోళ్ళ షాపులో అతన్ని అందరూ భూతద్దం అంటారు. ముందు గదిలో వరసగా ఫ్రేములు, నిలువెత్తు అద్దం, ఎప్పుడూ నవ్వుమొహం పెట్టుకునే యజమాని. వెనక గదిలో, కిటికీ కూడా లేని చోట, ఒంటి కంటికి భూతద్దం బిగించుకుని కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీస్తూ ఇతను. మెషీను గీ అంటూ ఉంటుంది కాబట్టి ఎవరూ పలకరించరు, పలకరించినా వినపడదు. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో సగం మందికి చూపు సరిచేసిన మనిషి, ఆదివారాలు తప్పిస్తే సొంత భార్యను కళ్ళారా చూసి తొమ్మిదేళ్ళయింది. మాటవరసకు అనడం లేదు, గడియారం ప్రకారమే చెబుతున్నాను.

ఆవిడది ఆసుపత్రి లాండ్రీలో రాత్రి షిఫ్టు. దుప్పట్లు, గలేబులు, ఆపరేషన్ గౌన్లు ఉతికి, ఇస్త్రీ చేయించి, తెల్లారేసరికి వార్డులకు పంపాలి. ఆర్నెల్లే అని వేశారు. ఆ ఆర్నెల్లు ఇంకా పూర్తి కాలేదు. సాయంత్రం ఆరుంబావుకు ఆవిడ బయల్దేరుతుంది, ఏడింటికి అతను వస్తాడు. పొద్దున ఏడుంబావుకు అతను వెళ్తాడు, ఎనిమిదింటికి ఆవిడ వస్తుంది. మంచం ఒకటే, వాడుకునేది వంతులవారీగా. పిల్లలు లేరు. ఆ సంగతి మాట్లాడుకోవడం కూడా ఎప్పుడో మానేశారు.

సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు అతను తాళంచెవి చేతిలో ఉండగానే తలుపు రెండుసార్లు తడతాడు. కాసేపు ఆగి, అప్పుడు తాళం తీసుకుంటాడు. పక్కింటావిడ ఇది చాలాసార్లు చూసి, పాపం మతిమరుపు మొదలైంది కాబోలు అనుకుని ఊరుకుంది.

ఆదివారాలు మాత్రం మూడు గంటలు దొరుకుతాయి. ఆవిడ మధ్యాహ్నం మూడింటికి లేస్తుంది. ఇద్దరూ టీ తాగుతూ టీవీ ముందు కూర్చుంటారు. "ఇంకేంటి?" అంటాడతను. "ఏముంది?" అంటుందావిడ. ఆరుంబావు అయిపోతుంది.

మరి సంసారం ఎలా నడుస్తోందయ్యా అంటే, పుస్తకం మీద నడుస్తోంది. వంటింట్లో ఫ్రిజ్ మీద ఒక పొడుగు రూళ్ళ పుస్తకం ఉంటుంది. ఫ్రిజ్ పిడికి దారం కట్టి, దాని చివర పెన్ను. గ్యాస్ అయిపోవచ్చింది, కుళాయి కారుతోంది, కూర మూత పెట్టి ఉంచాను లాంటివి పైన రాస్తారు. దాని కింద అడ్డంగా ఒక గీత గీసి, పనికిరాని మాటలు రాస్తారు. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో ఇద్దరికీ గుర్తులేదు. గీత కింద అతను పెద్ద మాటకారి. షాపుకొచ్చిన పెద్దాయన కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఊరంతా వెతికిన కథ, యజమాని బొద్దింకను చూసి కౌంటరెక్కిన కథ అక్కడే రాశాడు. ఆవిడ కూడా తక్కువ తినలేదు. "నిన్న డాక్టరుగారి జేబులో ప్రేమలేఖ దొరికింది. ఇస్త్రీ చేసి మరీ పంపాను" అని రాసింది ఒకసారి.

ఒక్కోసారి అతను గీత కింద ఏదో రాసి, దాన్నే చూస్తూ నిలబడి, ఆ కాగితం శుభ్రంగా చింపి జేబులో పెట్టుకుని, మిగతాదంతా కొత్త పేజీలో మళ్ళీ రాసేవాడు. ఆవిడకు తెలియదనుకునేవాడు.

పద్నాలుగో పుస్తకంలో జలపాతం వచ్చింది. యజమాని పంచిపెట్టిన కొత్త క్యాలెండరు మీద దాని బొమ్మ ఉంది. కొండ నెత్తి మీంచి తెల్లగా దూకే నీళ్ళు, కింద తుంపర్లో గొడుగులేసుకున్న జంటలు. ఎక్కడెక్కడి నుంచో కొత్తగా పెళ్ళైనవాళ్ళు దాన్ని చూడ్డానికి వస్తారని పేరు. "ఇక్కడికి వెళ్దామా?" అని ఆవిడ గీత కింద రాసింది. "ముసలి జంటల్ని రానిస్తారా?" అని అతను రాశాడు. "ముసలి మీరు. నేను కాదు" అని మర్నాడు జవాబు.

ఇక అక్కడినుంచి పేజీలకు పేజీలు. బస్సెన్ని గంటలు, బస ఎక్కడ, గొడుగా వానకోటా, దిగడానికి మెట్లెన్ని, ఆవిడ మోకాలు ఒప్పుకుంటుందా లేదా. నెల తిరిగేసరికి జలపాతం గీత కింద నుంచి గీత పైకి ఎక్కింది, గ్యాసు పక్కన దర్జాగా కూర్చుంది. భూతద్దానికి కాళ్ళు నేల మీద నిలవలేదు. మూడు రోజులు! పొద్దున లేవగానే పక్కన మనిషి ఉంటుంది.

ఒకరోజు కొత్తగా పెళ్ళైన అమ్మాయి షాపుకొచ్చింది. జలపాతం తుంపర పడి మా ఆయన కళ్ళద్దాలు మరకలు కట్టాయండీ, ఎంత తుడిచినా పోవట్లేదు అంది. అద్దం మార్చడానికి అప్పుడే మెషీను ఆపిన అతను, ఆ మాట చెవినబడి ముందు గదిలోకి వచ్చాడు. ఇన్నేళ్ళలో అలా వచ్చింది లేదు, యజమాని నోరు తెరిచి చూశాడు. ఆ అమ్మాయి అడిగినవన్నీ చెప్పింది. ఎడమ పక్క సీట్లయితే లోయ కనిపిస్తుంది, మెట్లు మూడొందలకు పైనే, బసలో టీవీ లేదు. "ఇంకోటండీ, నీళ్ళ దగ్గర పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. చెవిలో అరవాల్సిందే" అంది.

అదంతా పూసగుచ్చినట్టు పుస్తకంలో రాశాడు. ఆవిడ కింద ఒకే ముక్క రాసింది: "మనకది అలవాటేగా."

చదివి నవ్వాడు. నవ్వాక మనసు చివుక్కుమంది.

ఆ వారమే సెలవు అడిగి, ఎడమ పక్క రెండు సీట్లు తీసుకుని, "టిక్కెట్లు కొనేశాను" అని పెద్దక్షరాలతో రాశాడు. మర్నాడు సాయంత్రం తలుపు తట్టి, ఆగి, తాళం తీసి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి పరిగెత్తాడు. పేజీ ఖాళీ. ఆ మర్నాడు గీత పైన, "రేపు గ్యాస్ వస్తుంది." గీత కింద ఏమీ లేదు. అసలు గీతే లేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక పూట సెలవు పెట్టి ఇంటికొచ్చాడు. నిద్రలో ఉంటుందని తలుపు తట్టకుండా, చప్పుడు కాకుండా తీశాడు. ఆవిడ నిద్రపోలేదు. వంటింట్లో నేల మీద పద్నాలుగు పుస్తకాలూ పరుచుకుని కూర్చుంది.

"ఇదేంటి, ఈ వేళప్పుడు వచ్చారు? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నువ్వేం రాయలేదు కదా, అందుకని."

ఆవిడ ఒక పుస్తకం మూసింది. "టిక్కెట్లు వెనక్కిచ్చేద్దామండీ."

"ఏం, మోకాలా?"

"మోకాలికేం, రాయిలా ఉంది. నాకు భయమేస్తోంది."

"నీళ్ళంటేనా?"

"రోజూ నీళ్ళల్లోనేగా నా బతుకు, నీళ్ళంటే భయమేంటి? మీరంటే" అంది. "ఆదివారం మూడు గంటలే గడవక టీవీ పెట్టుకుంటాం. అక్కడ మూడు రోజులు. ఈ పుస్తకంలో ఉన్నాయన బాగా మాట్లాడతాడు, నవ్విస్తాడు. ఆయనతో ఎక్కడికైనా వెళ్తాను. మీతో వెళ్ళి అక్కడ కూడా మాటల్లేవనుకోండి, తిరిగొచ్చాక ఇందులో ఏ మొహం పెట్టుకుని రాస్తాం? ఈ మాత్రం కూడా పోతుంది."

తనకూ అదే భయమని ఆ నిమిషంలోనే తెలిసింది అతనికి. ఆ మాటే అనాల్సింది. దానికి బదులు, "వెనక్కి తీసుకోరట" అని అబద్ధమాడాడు. ఆవిడ అతని మొహంలోకి చూసి, "సరే అయితే" అని పుస్తకాలు సర్దేసింది.

బయల్దేరే రోజు పొద్దున్నే ఆరున్నర బస్సు. ఆవిడ షిఫ్టు మధ్యలోనే సెలవు చెప్పి తెల్లవారుజామున ఐదింటికి ఇంటికొచ్చింది. ఆవిడ స్నానానికి వెళ్తే అతను కిటికీలు మూసి, గ్యాస్ కట్టేసి, సంచులు గుమ్మంలో పెట్టాడు. ఎడమ పక్క సీట్లలో కూర్చున్నారు. కిటికీ సీటు ఆవిడకిచ్చాడు. ఊరు దాటింది. అరగంటకు, "చలిగా ఉందా?" అన్నాడు. "లేదు" అంది. ఇంకో గంట గడిచింది. వెనక సీటులో ఎవరో జంట ఆగకుండా కబుర్లు చెప్పుకుంటున్నారు. మోచెయ్యికి మోచెయ్యి తగిలేంత దగ్గరగా మనిషి ఉంది. ఇంట్లో ఒక్కడూ ఉన్నప్పటికంటే ఇదే ఒంటరిగా ఉంది అతనికి. ఆవిడ అన్నంతా అయ్యేలా ఉందని గుబులు పట్టుకుంది.

"గ్యాస్ కట్టేశారా?" అని ఉన్నట్టుండి అడిగింది.

"పుస్తకంలో రాశాను" అన్నాడు.

అన్నాక గానీ తెలియలేదు. ఆవిడ అతని వైపు తిరిగింది. "ఎవరు చదవాలని?"

పొద్దున ఆవిడ స్నానం చేస్తుండగా, రోజూలాగే ఫ్రిజ్ దగ్గర నిలబడి ఆవిడ కోసం అంతా రాసేసి వచ్చాడు మహానుభావుడు. ఇద్దరూ ఒకే బస్సెక్కుతున్న సంగతి చేతికి తెలియలేదు. ఆవిడకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అతనూ నవ్వాడు.

నవ్వు తగ్గాక, "ఇంకేం రాశారు?" అంది.

"వెనక కిటికీ గొళ్ళెం పెట్టాను. నీ మాత్రలు నీలం సంచిలో ఉన్నాయి."

"గీత కింద?"

అతను ఒళ్ళోని సంచి ముడి విప్పి మళ్ళీ కట్టాడు.

"గీత గీయలేదా?"

"గీశాను. ఇంటికెళ్ళాక చదువుకో."

"ఇంటికెళ్ళగానే మీరు చింపేస్తారు" అంది ఆవిడ మెల్లగా. "పద్నాలుగు పుస్తకాల్లో ముప్ఫై ఏడు కాగితాలు చింపారు. మొన్న కూర్చుని లెక్కపెట్టాను. అంచులు అలాగే ఉండిపోతాయండీ, కుట్టు దగ్గర."

మెషీనూ లేదు, పెన్నూ లేదు. ముందు సీటు వెనక ఉన్న చెక్కను చూస్తూ అన్నాడు.

"సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు తలుపు తడతాను. లోపల ఎవరూ లేరని తెలుసు. అయినా తట్టి, కాసేపు నిలబడతాను. తర్వాత తాళం తీసుకుంటాను. అదే రాశాను."

"ముప్ఫై ఏడింట్లోనూ అదేనా?"

"దాదాపు."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. లోయ మొదలైంది, ఆ అమ్మాయి చెప్పినట్టే ఎడమ పక్కన. జలపాతం ఇంకా గంట దూరంలో ఉంది. ఆవిడ కళ్ళు లోయ మీద లేవు. ఇటు తిరిగి, "ఇప్పుడు తట్టండి" అంది.

"ఎక్కడ?"

"ఎక్కడో అక్కడ. తట్టండి."

అతను వంగి ముందు సీటు చెక్క మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు. అలవాటు కొద్దీ కాసేపు ఆగాడు.

"ఎవరూ?" అంది ఆవిడ.

"నేనే" అన్నాడు.